ఎల్మార్ లేని టేకు

మగ గొంతుల్లో అన్నిటికన్నా లోతైన బేస్ గొంతుతో పనుంటే పొద్దున్నే కానిచ్చుకోవాలి. నిద్రలేచిన రెండు మూడు గంటలదాకా అది బరువుగా, బాగా కిందికి దిగి ఉంటుంది. నాలుగు మాటలు మాట్లాడితే చాలు, తేలికపడి పైకి వచ్చేస్తుంది, ఇక అట్టడుగు స్వరాలు ఆ రోజుకి సెలవు పుచ్చుకుంటాయి. అందుకని ఐలీ నడిపే పాటల బృందంలో ఒక ఆచారం ఉంది. అడుగు స్వరం రికార్డు చేసే రోజున, దాన్ని పాడే ఇద్దరూ కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి టేకు, అంటే ఒక విడత రికార్డింగు, పూర్తయ్యేదాకా నోరు మెదపరు. వాళ్ళని ఎవరూ పలకరించరు కూడా. కాఫీ కావాలా అని అడగరు, కప్పు తెచ్చి ముందు పెట్టి వెళ్ళిపోతారు.

ఆ మార్చి పొద్దున ఎల్మార్‌కి ఈ ఆచారం భలే కలిసొచ్చింది. రికార్డింగుకి వచ్చిన పల్లెలో బడి పిల్లల వసతి గదుల్లో అందరూ బస చేశారు. నల్లరొట్టె మీద వెన్న, ఉప్పుచేప వేసుకుని, ఆయన ఒక మూల కూచుని తలవంచుకు తింటుంటే, ఏం ఎల్మార్, గొంతెలా ఉంది అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆయనకి తెలీదు. ఎందుకంటే ఆ అడుగు స్వరం ఆయన దగ్గర లేదు. నాలుగు నెలలైంది పోయి.

నవంబరులో జ్వరమొచ్చింది. అందరికీ వచ్చే జ్వరమే. వారానికి తగ్గింది, పోతూపోతూ ఆ స్వరాన్ని వెంట తీసుకుపోయింది. మొదట్లో ఎల్మార్ కంగారు పడలేదు, గొంతు కదా, అలిగితే నాలుగు రోజులకి అదే వస్తుందనుకున్నాడు. క్రిస్మస్ వెళ్ళింది, జనవరి వెళ్ళింది. డాక్టరు నోట్లోకి అద్దం పెట్టి చూసి, అంతా బాగానే ఉంది, మీ వయసెంత అన్నాడు. యాభై తొమ్మిది అంటే, మరదే అన్నట్టు ఊరుకున్నాడు. చెప్పొద్దూ, ఆ ఊరుకోవడం ఎల్మార్‌కి చెంప మీద కొట్టినట్టే ఉంది.

అప్పట్నుంచీ కచేరీల్లో ఆ చోటు రాగానే ఆయన పెదాలు మాత్రం ఆడిస్తున్నాడు. పక్కన నిలబడే రీహో పాడేస్తున్నాడు. హాల్లో జనం, దగ్గులు, దళసరి కోట్లు, ఎవరికీ తేడా తెలీలేదు. తెలిసింది ఇద్దరికే. ఒకరు ఆయన భార్య విర్వే. పళ్ళ డాక్టరు దగ్గర పాతికేళ్ళుగా పనిచేస్తున్న మనిషి, నోట్లో ఏం దాచినా ఆవిడ దగ్గర దాగదు. ఐలీకి చెప్పెయ్యవయ్యా అని రోజూ పోరింది. రికార్డింగు అవనీ, చెప్తాను అంటూ ఈయన రోజులు దొర్లించాడు. రెండో మనిషి రీహో. వాడితో ఎల్మార్ చెప్పనూ లేదు, వాడు అడగనూ లేదు. భుజం భుజం రాసుకుని పాడేవాళ్ళకి పక్కవాడి పక్కటెముకలు కదుల్తున్నాయో లేదో తెలియకుండా ఎలా ఉంటుంది?

ఇక్కడ ఈ బృందం సంగతి కొంచెం చెప్పాలి. ఇరవై నాలుగు మంది. రాజధాని తాలిన్‌లో పొద్దున పదింటికి డ్యూటీ ఎక్కి రెండింటికి దిగే ఉద్యోగులు, కాకపోతే చేసే పని పాడటం. వాయిద్యాలేవీ ఉండవు. ఆ దేశంలో పాడే బృందాలు వీధికొకటి ఉంటాయి, నిజమే, కానీ వీళ్ళు నోరు విప్పితే మిగతావాళ్ళు చెవులు రిక్కిస్తారు. ఇరవై నాలుగు గొంతులు ఎక్కడా అతుకు కనిపించకుండా ఒక్క గొంతవుతాయి. ఆ పని ఎంత కష్టమో పాడేవాళ్ళకే తెలుసు. ప్రతివాడికీ దేవుడిచ్చిన గొంతు ఉంటుంది, దాన్ని చూపించుకోవాలని ఉంటుంది. అక్కడ చూపించుకున్నవాడు తెల్లారేసరికి బయట ఉంటాడు.

ఇంకో ఆచారం కూడా వాళ్ళ దగ్గరే చూశాను. పాటలో ఎవరైనా తప్పు చేస్తే ఐలీ ఆపదు, పేరు పెట్టి అడగదు. చేసినవాళ్ళే మాట్లాడకుండా కొంచెం చెయ్యెత్తుతారు. నాదే, నాకు తెలుసు, మళ్ళీ చెయ్యను అని దానర్థం. ఐలీ తలూపుతుంది. అంతే, ఆ తప్పు అక్కడితో సరి, కాఫీ దగ్గర కూడా ఎవరూ ఎత్తరు. ఎల్మార్ ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ నియమం పాటించాడు, కొత్తగా వచ్చినవాళ్ళందరికీ ఆయనే నేర్పాడు. రీహోకి కూడా. తప్పు నీదైతే వెంటనే ఎత్తు, నీది కాకపోతే చచ్చినా ఎత్తకు, అని మొదటి రోజునే గట్టిగా చెప్పాడు.

రీహోకి ఇరవై ఏడు. సారెమా దీవి నుంచి వచ్చాడు, తండ్రి పడవల మీద మెకానిక్కు. ఏడాది పరీక్ష మీద తీసుకున్నారు, మే నెలలో ఆ ఏడాది తీరుతుంది. మే నెలలోనే ఐలీ అందర్నీ ఒక్కొక్కరుగా పిలిచి పాడించుకుంటుంది. అవసరమైనది గొంతులో ఉన్నవాడు ఉంటాడు, లేనివాడికి పూలగుత్తి ఇచ్చి పంపుతారు. అడుగు స్వరం కోసం తీసుకున్న బేస్ గాయకుడికి ఆ అడుగే లేకపోతే వాడెందుకు? మధ్య స్వరాలు పాడేందుకు కుర్రాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. ఎల్మార్‌కి ఈ లెక్క బాగా తెలుసు.

ఏడున్నరకి అందరూ చర్చిలోకి వెళ్ళారు. రాతి గోడలు, లోపల నోటి నుంచి ఆవిరి వచ్చేంత చలి. రాతి నేల మీద చప్పుడు కాకుండా బూట్లు తలుపు దగ్గరే విప్పేసి, అందరూ ఉన్ని మేజోళ్ళతో నిలబడ్డారు. పాస్టరు గదిలో యూటా తన పెట్టెలు సర్దుకుని హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. పాతికేళ్ళుగా వీళ్ళ రికార్డింగులన్నీ యూటావే. చిన్న మనిషి, అరవై దాటింది, మాట మాత్రం సూటిగా వచ్చి తగుల్తుంది. ఆవిడ మాట్లాడితే స్తంభం పక్కన పెట్టిన స్పీకర్లోంచి వినిపిస్తుంది.

టైము తక్కువుంది. చూరు నిండా మంచుకడ్డీలు వేలాడుతున్నాయి. ఎండ చూరెక్కిందంటే అవి కరిగి కిటికీ కింద రేకు మీద టపటపా పడతాయి, ఆ చప్పుడు మైకులోకి వచ్చేస్తుంది. ముందు రోజు పదికి పది నిమిషాలుందనగా మొదలైంది. ఈ రోజు ఎండ ఇంకా బాగుంది. రేపు యూటా పెట్టెలు సర్దుకుని ఇంకో ఊరు పోవాలి. అంటే ఈ పాట ఈ పొద్దున కావాలి, లేకపోతే ఈ ఏడాదికి లేనట్టే.

పాట పదకొండు నిమిషాలు. సముద్రం మీద పోయి తిరిగిరాని జాలర్ల కోసం ప్రార్థన. మిగతా పదిన్నర నిమిషాలూ ముందు రోజే అయిపోయాయి. మిగిలింది చివరి స్వరమేళం ఒక్కటే. ఇరవై నాలుగు గొంతులూ ఒక్కసారి కలిసి, ఇరవై రెండు సెకన్లు అలాగే పట్టుకోవాలి. దాని అడుగున, అందరికీ దూరంగా, ఇద్దరు బేసులు పాడే స్వరం ఒకటుంటుంది. స్వరకర్త ఆ స్వరం రాసిందే ఎల్మార్ గొంతు విని. అప్పుడాయనకి ముప్ఫై ఏళ్ళు. నల్ల రికార్డుల కాలంలో మొదటిసారి రికార్డు చేసినప్పుడు, ఆ స్వరానికి బీరువాలో గ్లాసులు కదిలాయని జనం చెప్పుకున్నారు. కదిలాయో లేదో గానీ, ఎల్మార్ ఆ మాట విని ఎన్నాళ్ళు మురిసిపోయాడో విర్వేని అడగాలి.

మైకులన్నీ సరిచూసేసరికి తొమ్మిదైంది. మొదటి టేకు పాడారు. చివర్న గాలిలో మోత పూర్తిగా ఆరిపోయేదాకా ఎవరూ కదల్లేదు. స్పీకరు గరగరమంది.

అడుగు పల్చగా ఉంది, ఇంకోసారి అంది యూటా.

ఎవరూ చెయ్యెత్తలేదు. రెండో టేకు పాడారు. అంతా చక్కగా ఉంది గానీ కింద ఒక్కరే ఉన్నట్టుంది, ఇద్దరున్నారా అసలు, మైకు ఏమైనా చచ్చిందా అని యూటా గొణిగింది. వచ్చి మైకు అటూ ఇటూ జరిపి, ఎల్మార్ కాలి మేజోడు మీద చిన్న చిల్లు చూసి నాలుక చప్పరించి వెళ్ళింది. ఎల్మార్‌కి ఆ చలిలో వీపు తడిసింది. ముఖం మాత్రం రాయిలా పెట్టుకున్నాడు. మౌనం పాటించే మనిషి కదా, ఆ ముఖం చూసి ఎవరూ ఏమీ అనుకోలేదు.

మూడో టేకు అయింది. మళ్ళీ అదే మాట. ఐలీ అందరి వంకా చూసింది, ఎవరినీ ప్రత్యేకంగా చూడలేదు, అలా చూడకూడదు. అప్పుడు ఎల్మార్ పక్కన ఒక చెయ్యి లేచింది.

రీహో చెయ్యి.

ఎల్మార్ మొదట నమ్మలేదు. వీడు ఇందాకట్నుంచీ ఎంత బాగా పాడుతున్నాడో, ఊపిరెక్కడ తీస్తున్నాడో, అంతా ఆయన పక్కటెముకలకి తెలుస్తూనే ఉంది. ఒక్కడే ఇద్దరి బరువూ మోస్తున్నాడు. మోసినవాడే వచ్చి తప్పు నాది అంటున్నాడు. ఐలీ తలూపింది, కాని కనుబొమలు దగ్గరపడ్డాయి. నాలుగో టేకు పాడారు. రీహో ఈసారి బలం పెట్టాడు, మెడ నరాలు పొంగాయి, స్వరం కొంచెం గరుకుదేరింది తప్ప లావెక్కలేదు. యూటా నిట్టూర్చింది. రీహో మళ్ళీ చెయ్యెత్తాడు.

ఐలీ తలూపి, చెవి వెనక నుంచి పెన్సిలు తీసి, తన కాగితం మూల ఏదో రాసుకుంది. చిన్న రాత, రెండు మాటలు ఉంటాయేమో. ఎల్మార్ చూశాడు. అందరూ చూశారు. పరీక్ష మీద ఉన్నవాడు ఒకే పొద్దున రెండుసార్లు చెయ్యెత్తితే, ఆ పెన్సిలు రాతకి అర్థమేమిటో అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

అప్పుడు ఎల్మార్ బుర్రలో ఎన్ని వంకర ఆలోచనలు వచ్చాయో దాచను. ఆయన మంచివాడే, కానీ మనిషే కదా. నేను మౌనంలో ఉన్నాను, ఇప్పుడు మాట్లాడటం ఆచారం కాదు, తర్వాత చెప్పొచ్చు అనుకున్నాడు. రీహో కుర్రాడు, ఎక్కడైనా చేరతాడు, నన్నెవరు తీసుకుంటారు అనుకున్నాడు. వాడు వాడి ఇష్టంతో ఎత్తాడు, నేను ఎత్తమన్నానా అని కూడా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఆయనకి తనమీద తనకే అసహ్యం వేసింది. నీది కాకపోతే చచ్చినా ఎత్తకు అని వాడికి నేర్పింది ఎవరు? వాడు ఆ మాట తప్పింది ఎవరికోసం?

ఐలీ ఐదో టేకుకి చేతులు లేపింది. ఎల్మార్ చెయ్యెత్తాడు.

పాట మొదలవకుండానే చెయ్యెత్తడం ఎవరూ ఎప్పుడూ చూళ్ళేదు. ఐలీ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. అందరూ తలలు తిప్పారు. ఎల్మార్ నోరు తెరిచాడు, ఆ పొద్దున ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట అది.

"ఐలీ, తప్పు రీహోది కాదు, నాది. నవంబరు నుంచి ఆ స్వరం నాకు లేదు. నేను పెదాలు ఆడిస్తున్నాను. అంతా వాడొక్కడే పాడుతున్నాడు."

మౌనంలో ఉన్న బేసు మాట్లాడితే ఆ రోజుకి అడుగు పోయినట్టే అని అందరికీ తెలుసు. అందుకే ముందు ఆ మాటకే ఉలిక్కిపడ్డారు, తర్వాత మెల్లిగా అసలు సంగతి తలకెక్కింది. నాలుగు నెలలు. పద్దెనిమిది కచేరీలు. ఎల్మార్ చెయ్యి ఇంకా ఎత్తే ఉంచాడు, దించడం మర్చిపోయాడు. ఐలీ ఆయన్ని చూసింది. పందొమ్మిదేళ్ళ క్రితం ఆవిడ ఈ బృందంలోకి కొత్తగా వచ్చినప్పుడు, ఎప్పుడు చెయ్యెత్తాలో ఆవిడకి చెప్పింది కూడా ఈయనే.

ఐలీ తలూపింది.

ఎవరైనా సగం మాత్ర ముందుగా నోరు తెరిస్తే ఎలా తలూపేదో, అచ్చం అలాగే ఊపింది. ఎల్మార్‌కి కళ్ళు చెమర్చాయి. తిట్టి ఉంటే తట్టుకునేవాడు.

తిట్లన్నీ రీహోకి పడ్డాయి. నీది కాని తప్పుకి చెయ్యెత్తుతావా, ఈ గదిలో చెయ్యెత్తితే నమ్ముతాం కాబట్టే మనం పాడగలుగుతున్నాం, రేపు నువ్వు నిజంగా ఎత్తితే నేనేమనుకోవాలి అని కడిగేసింది. రీహో ఏదో చెప్పబోయాడు.

"నోరు తెరిచావంటే చంపుతాను," అంది ఐలీ. "మిగిలింది నీ ఒక్క అడుగే. తల మాత్రం ఊపు."

రీహో బుద్ధిగా తలూపాడు. వెనక వరసలో ఎవరో నవ్వాపుకోలేక ముక్కుతో చప్పుడు చేశారు. ఐలీ కాగితం మూల రాసిన రెండు మాటలూ రబ్బరుతో తుడిచేసింది, అదీ అందరూ చూశారు.

స్పీకర్లోంచి యూటా గొంతు వచ్చింది. ఏడుపులు తర్వాత పెట్టుకోండి, చూరు మీదికి ఎండ వచ్చేస్తోంది, ఇప్పుడేం చేద్దామో చెప్పండి అంది. ఐలీ కాసేపు కాగితం వంక చూసింది. ఆ చివరి స్వరమేళంలో అడుగు స్వరానికీ దాని పైవాళ్ళకీ మధ్య చాలా ఖాళీ ఉంది. పేజీ కింద స్వరకర్త సన్నని అక్షరాలతో ఒక ముక్క రాసి పెట్టాడు. అంత కిందికి దిగే గొంతు లేని బృందాలు అదే స్వరాన్ని ఒక స్థాయి పైన పాడుకోవచ్చు అని.

"ఎల్మార్, మీరు పైన పాడండి. రీహో కింద, మీరు సరిగ్గా వాడికి ఒక స్థాయి పైన."

ఎల్మార్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ సన్నక్షరాల స్వరం పాడే ఊరి బృందాలని ఆయన ఎంత ఎగతాళి చేశాడని. నిచ్చెన వేసుకుని బావిలోకి దిగడానికి భయపడేవాళ్ళు అనేవాడు. ఇప్పుడు తనని అక్కడ నిలబడమంటోంది, తన కోసం రాసిన పాటలో. కానీ చెయ్యెత్తినవాడికి బేరమాడే హక్కు ఉండదు. సరేనన్నాడు.

ఐదో టేకు పాడారు. స్పీకరు వెంటనే పలికింది.

"ఇప్పుడు ఎల్మార్ వినిపిస్తున్నాడు. నాకు ఎల్మార్ వద్దు, అడుగు కావాలి."

యూటా మాట మామూలుగా అన్నదే, కానీ నేరుగా గుచ్చుకుంది. అది నిజమే. ఆయన పైనుంచి కూడా నేనున్నాను అని చాటుకుంటూ పాడాడు. పోయినదాని ఉక్రోషమంతా ఆ స్వరంలో పెట్టాడు. ముప్ఫై నాలుగేళ్ళు పక్కవాళ్ళతో కలిసిపోవడమే పనిగా బతికిన మనిషికి, ఆ ఒక్క అడుగు స్వరం దగ్గర మాత్రం ఎవరితోనూ కలవక్కర్లేదు, అక్కడ ఆయనే రాజు. ఆ రాజరికం పోయిందని గొంతుకి చెప్పాలి, అది ఒక్క టేకులో అయ్యేది కాదు.

ఆరో టేకు మధ్యలో పై గొంతు పాడే ఒక సోప్రానో అమ్మాయి కడుపు గుర్రుమని మూలిగింది. మోత ఆరిపోయాక పిల్ల ఎర్రబడిపోయి చెయ్యెత్తింది. ఐలీ తలూపింది. అందరూ నవ్వారు, చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదిలేలా నవ్వారు, ఎల్మార్ కూడా. ఆ నవ్వుతో గుండెల్లో పట్టేసినదేదో వదిలింది. తొమ్మిది ముప్పావు కావస్తోంది. దక్షిణం కిటికీ మీద ఎండ పసుపుపచ్చగా పాకుతోంది.

ఏడో టేకుకి ఎల్మార్ ఇక తన గొంతు సంగతి వదిలేశాడు. రీహో వైపు అర అడుగు జరిగాడు, భుజం తగిలేదాకా. వాడి ఊపిరి లోపలికి వెళ్ళడం, నిలవడం, కదలడం విన్నాడు. వాడి స్వరం మొదలయ్యాక, ఒక వెంట్రుకవాసి ఆగి, దాని నెత్తిన తన స్వరం పెట్టాడు. వణుకు తీసేశాడు, తళుకు తీసేశాడు, ఇది ఎల్మార్ అని జనం గుర్తుపట్టేవన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. ఆ స్వరాన్ని ముప్ఫై ఏళ్ళు లోపల మోసినవాడు కాబట్టి, అది ఎక్కడ కొంచెం కుంగుతుందో, ఎక్కడ పట్టు కావాలో ఆయనకి తెలుసు. సరిగ్గా అక్కడ పట్టు ఇచ్చాడు. మెల్లిగా రీహో స్వరం కింద విచ్చుకుంది. లావెక్కింది. ఉన్ని మేజోళ్ళలోంచి అరికాళ్ళకి రాయి జిల్లుమంది. అప్పుడు ఎల్మార్‌కి తన గొంతు తనకే వినపడటం మానేసింది. పాడుతున్నానా, లేక పాత అలవాటుకొద్దీ పెదాలు ఆడిస్తున్నానా అని ఒక్క క్షణం హడలిపోయి, రెండు వేళ్ళు గొంతు మీద వేసుకున్నాడు. గొంతు అదురుతోంది.

మోత ఆరిపోయింది.

"అడుగు వచ్చింది," అంది యూటా. "చాలా బాగా వచ్చింది. ఈ పాతికేళ్ళలో ఇలా వినలేదు. కానీ ఎల్మార్, నిజం చెప్పు, నువ్వు పాడావా? నాకెక్కడా దొరకలేదు."

ఇందాకే నాలుగు నెలల సంగతి చెప్పిన మనిషిని అడుగుతున్న ప్రశ్న అది, అడగడంలో తప్పులేదు. ఎల్మార్ పాడాననే అన్నాడు. అన్నాక ఆ మాట తనకే బలహీనంగా వినిపించింది. సాక్ష్యం ఎవరు చెప్తారు? రీహో గట్టిగా తలూపుతున్నాడు, కానీ ఇందాక దొంగ చెయ్యి ఎత్తినవాడి తలకి ఇప్పుడు విలువేముంది? తన గొంతు వినపడకుండా చెయ్యడానికి ఆయన అంత పాటుపడ్డాడు, ఇప్పుడదే ఆయన మెడకి చుట్టుకుంది.

ఐలీ ఆలోచించింది. టేకు చేతిలో ఉంది, ఇంకో రెండు నిమిషాలు నిశ్శబ్దం కూడా ఉంది.

"మీరు యూటా దగ్గరికి వెళ్ళి కూచోండి. ఒకసారి మీరు లేకుండా పాడతాం."

ఎల్మార్ మేజోళ్ళతో రాతి నేల దాటి పాస్టరు గదిలోకి వెళ్ళాడు. యూటా రెండో జత హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి తగిలించి, స్టూలు జరిపింది. చిత్రమేమిటంటే, ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన తన బృందం పాడుతుంటే బయట కూచుని వినడం అదే మొదటిసారి. రికార్డులు వినలేదా అంటే విన్నాడు, వాటి నిండా తనని తాను వెతుక్కున్నాడు. ఇదిగో ఇక్కడ నేను, ఇదిగో ఇదీ నేనే అని విర్వేకి చూపించేవాడు.

స్వరమేళానికి ముందు నాలుగు వరసల నుంచి ఎత్తుకున్నారు. ఎల్మార్ ఊపిరి బిగబట్టాడు. ఓరి దేవుడా, మేం ఇలా ఉంటామా అనుకున్నాడు. ఆ అమ్మాయి, కడుపు మూలిగిన అమ్మాయి ఎక్కడుందో తెలీలేదు. గురకపెట్టి పక్కమంచం వాళ్ళని నిద్రపోనివ్వని టెనరు గాయకుడు ఎక్కడున్నాడో తెలీలేదు. విడాకులు తీసుకుని మాటలు మానేసిన ఒక జంట కూడా అందులోనే ఎక్కడో ఒకటిగా ఉన్నారు. మనుషులు లేరు, పాట ఉంది. ఆ పాటలో ఎక్కడా ఎవరూ నేను అనట్లేదు. తను ఇన్నాళ్ళూ కాపురమున్న ఇల్లు ఇంత అందమైనదని ఆయనకి తెలీదు.

ఆఖరికి స్వరమేళం వచ్చింది. పైన అన్నీ వచ్చి కూచున్నాయి. కింద రీహో దిగాడు, తేనెలా, ఏ లోపమూ లేకుండా దిగాడు. దిగి, ఒంటరిగా నిలబడ్డాడు. వాడికీ పైవాళ్ళకీ మధ్య ఖాళీ. ఇందాక ఆ ఖాళీని ఎల్మార్ కాగితం మీద చూశాడు, ఇప్పుడు చెవులతో విన్నాడు. వాడి స్వరం ఆనుకోడానికి ఏదో వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ కొంచెం తడబడింది. పాట మొత్తం ఒక అంగుళం తేలిపోయినట్టయింది. ఎల్మార్ తనకి తెలీకుండానే స్టూలు మీంచి సగం లేచాడు, వెళ్ళి వాడి పక్కన నిలబడాలని. యూటా ఆయన చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది.

పధ్నాలుగో సెకనులో బయట రేకు మీద మొదటి చుక్క టప్పుమని పడింది. వాళ్ళు ఆపలేదు, చివరిదాకా పట్టుకున్నారు. చుక్కలు రెండయ్యాయి, నాలుగయ్యాయి.

యూటా హెడ్‌ఫోన్లు తీసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఎల్మార్ వంక చూడకుండా, సరే, నువ్వు పాడావు అంది.

ఐలీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వెనకాలే రీహో, ఇక మాట్లాడొచ్చని కూడా గుర్తులేనివాడిలా నోరు మూసుకునే ఉన్నాడు. మే నెలలో నా దగ్గరికి పాడటానికి వచ్చినప్పుడు మీరిద్దరూ కలిసే రండి, విడివిడిగా వింటే నాకేం ఉపయోగం అంది ఐలీ. అని, ఎల్మార్ ముఖం చూసి, బూట్లు వెతుక్కోవడానికి వెళ్ళిపోయింది.

యూటా మీట మీద వేలు పెట్టింది. ఏడోది దాచాను, ఈ ఎనిమిదోది పనికిరాదు, రేకు చప్పుడు కూడా పడింది, చెరిపేస్తున్నా అంది.

"చెరపకు," అన్నాడు ఎల్మార్. "నాకొక కాపీ తీసివ్వు. ఇంటికి పట్టుకెళ్ళి విర్వేకి వినిపించాలి."

"ఇందులో నువ్వు లేవుగా."

"అందుకే," అన్నాడు ఎల్మార్.